ఉప్పుకొండ జాబు

స్వప్న ఫోన్ చేసినప్పుడు నేను మా గల్లీ గోడ మీద కొత్తగా అంటించిన కాగితం చదువుతున్నాను. నీళ్ల ట్యాంకులు శుభ్రంగా కడుగుతామని ఎవరో వేసుకున్న ప్రకటన. మా ఇంటికి ట్యాంకు లేదు. ఉన్నవి రెండు డ్రమ్ములు, వాటిని నేనే కడుగుతాను. అయినా చివరి అక్షరం దాకా వదల్లేదు. యాభై దాటాక మహిళా మండలి గదిలో మధ్యాహ్నాలు కూర్చుని అక్షరాలు నేర్చుకున్నదాన్ని, కనబడిన అక్షరమల్లా మింగడం నాకు జబ్బుగా మారింది. ఆటో ఎక్కితే దుకాణాల బోర్డులన్నీ పైకే చదువుతాను. ఒకసారి ఆటో అతను అద్దంలోంచి చూసి, "అమ్మా, గీ సడక్ మీద ఇరవై ఏండ్లసంది నడుపుతున్న. ఏ దుకాణం యాడున్నదో నాకెరుకే. జర నోటికి ఆరామియ్యి" అన్నాడు. ఇచ్చాను, తర్వాతి బోర్డు వచ్చేవరకు.

"వదినా, అత్తమ్మ నిన్ను రమ్మంటుంది" అంది స్వప్న. ఆమె మా సత్తెమ్మ చిన్నమ్మకు కోడలు, సైదాబాద్‌లో ఉంటారు. "ఉప్పుకొండ సినిమా మొత్తం వచ్చింది. అప్పట్ల కోసేసిన ముక్కలు యాడనో దొరికినయంట, అన్ని అతికిచ్చి పెట్టిండ్రు. ముప్పావు గంట ఎక్కువున్నది. టీవీల పెడ్తనంటే, బాలి వస్తెనే చూస్తనని కూసున్నది."

ఇంతలో చిన్నమ్మ ఫోన్ లాక్కుంది. డెబ్బై అయిదు వస్తున్నా ఆమెది ఇంకా నల్లా దగ్గర వంతు కోసం లొల్లి చేసే గొంతే. "బాలీ, జాబు ఉంటదే గండ్ల! అప్పుడు నువ్వు నోటితోని చెప్పినవు. ఇప్పుడు నీకు సదువొచ్చె. రా, కండ్లతోని సదివి చెప్పు."

వస్తానన్నాను. ఫోన్ పెట్టేసి ఆ ట్యాంకుల కాగితాన్ని మళ్లీ మొదటినుంచి చదివాను, ఒక్క ముక్కా తలకెక్కలేదు. ఎందుకంటే ఆ సినిమాలోని జాబులో ఏం రాసి ఉందో నాకు ఎప్పుడూ తెలియదు. పదేళ్ల వయసులో చిన్నమ్మకు నేను చెప్పిందంతా నేను కల్పించిందే. ఆ కల్పన నమ్మే ఆమె మా ఇల్లు వదిలి, తాను అలిగి వచ్చేసిన మొగుడి ఇంటికి మళ్లీ వెళ్లిపోయిందని, ఒక మనిషి బతుకును నేను నోటిమాటతో మళ్లించేశానని, అప్పటినుంచి ఇప్పటిదాకా లోలోపల అనుకుంటూనే ఉన్నాను. దొంగతనం చేసి ఇన్నేళ్లు దొరకని మనిషిని నేను. ఇప్పుడు నా దొంగతనాన్ని నా చేతే చదివిస్తారట.

అప్పట్లో ఉప్పుగూడలో మాది రైలు కట్టకు దగ్గరి ఇల్లు. రైలు వెళితే గూట్లో గిన్నెలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేవి. బాపు గూడ్సు బండ్ల దగ్గర హమాలీ. అమ్మ, ఎదురింటి మల్లమ్మ, ఇంకో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు మా వాకిట్లో కూర్చుని అగరుబత్తీలు చుట్టేవారు. అగరుబత్తీల ఇల్లంటే అందరూ సువాసనల ఇల్లు అనుకుంటారు. కాదు. పని ఇచ్చే ఠేకేదారు తెచ్చి పడేసేది వెదురు పుల్లలు, బొగ్గు పొడి, జిగురు పొడి. నీళ్లు పోసి రొట్టెపిండిలా పిసికి, పీట మీద పుల్లను పెట్టి, అరచేత్తో ఒక్క తోపు తోస్తే బత్తి అవుతుంది. సెంటు పట్టించే పని కంపెనీలో జరిగేది. మా ఇంట్లో ఉన్నదల్లా తడిబొగ్గు వాసన, చెట్టుబెరడు లాంటి జిగురు వాసన, ఆడవాళ్ల చెమట. అమ్మ కూర్చునే ముందు పీటను కళ్లకద్దుకునేది, లేచాక అదే పీటను బాపుకు తిట్లు పెడుతూ గోడకు ఆనించేది. ఆమె అరచేతి గీతల్లో నలుపు పండగ రోజు కూడా పోయేది కాదు.

ఆ వాకిలికి ఒక ఆచారం ఉండేది. దగ్గరి సినిమా హాలుకు కొత్త బొమ్మ వస్తే అందరూ తలా ఇంత వేసుకుని ఒక్క టికెట్ కొనేవారు. ఒక మనిషి చూసి వచ్చి మిగతావాళ్లకు చెప్పాలి. చేతులు పని చేస్తుంటే చెవులు సినిమా చూసేవి. ఆ ఒక్క మనిషిని నేను. నా తెలివి చూసి ఎంచుకున్నారని చాలా ఏళ్లు గర్వపడ్డాను. పెద్దయ్యాక తెలిసింది, నేను చుట్టే బత్తీలు వానపాముల్లా వంకర తిరిగేవని, ఠేకేదారు వాటిని వేరుగా తీసి పారేసేవాడని. నేను మధ్యాహ్నమంతా లేకపోతే నష్టపోయేది ఎవరూ లేరు.

సినిమా మూడు గంటలైతే నేను చెప్పే కథ మూడు రోజులు. యుద్ధం చిన్నదైతే పెద్దది చేసేదాన్ని. రాణి చీర నచ్చకపోతే మార్చేదాన్ని. పాట గుర్తులేకపోతే నాకొచ్చిన బతుకమ్మ పాట పాడించేదాన్ని. ఈమధ్య సినిమాలకు ముక్కలు కలిపి పొడుగు బొమ్మలు విడుదల చేస్తున్నారని, అదేదో కొత్త విద్య అని స్వప్న చెబుతుంటే నాకు నవ్వొచ్చింది. ఆ విద్యలో ఉప్పుగూడ వాకిట్లో నేను ఎప్పుడో చెయ్యి తిరిగినదాన్ని.

ఉప్పుకొండ అనేది ఆ సినిమా అసలు పేరు కాదు. మా గల్లీ పెట్టుకున్న పేరు. ఒక రాకుమారిని రెండు తలల రాక్షసుడు ఎత్తుకుపోయి తెల్లటి ఉప్పుకొండ లోపల బంధిస్తాడు. వాడి ఒక తల నిద్రపోతే ఇంకో తల మేలుకుని ఉంటుంది. రాకుమారుడు ఎగిరే పడవ ఎక్కి వస్తాడు. నడుమ ఒకచోట రాకుమారి చేతికి ఒక తాటాకు వస్తుంది. తెర నిండా ఆ ఆకు, ఆకు నిండా అక్షరాలు, కన్ను మూసి తెరిచేలోగా పోతుంది. వెంటనే రాకుమారి గుండెల మీద చెయ్యి వేసుకుని వెక్కి వెక్కి ఏడుస్తుంది. నేల టికెట్ ఆడవాళ్లలో చదువొచ్చిన వాళ్లు ఎవరూ లేరు. ఉన్నా అంత తొందరగా చదవడం వాళ్ల తరం కూడా అయ్యేది కాదు. పక్కనున్న ముసలామెను "ఏం రాసిండు?" అని అడిగితే, "ఏడిపిచ్చేటిదే రాసిండు" అంది. అంతకన్నా వివరం దొరకలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా చిన్నమ్మ మా ఇంట్లో ఉంది. అప్పటికి ఆమెకు పెళ్లయి ఏడాదైనా కాలేదు. కాపురం అప్పుడూ సైదాబాద్‌లోనే, చిన్నాయన కంచన్‌బాగ్‌లో ఒక కంపెనీ క్యాంటీన్‌లో వంట చేసేవాడు. మాటలు తక్కువ, పంతం ఎక్కువ. ఒకరోజు చిన్నమ్మ పక్కింట్లో పసిబిడ్డ తొట్టెల పేరంటానికి పోయి ఆలస్యంగా వస్తే లోపలినుంచి గొళ్లెం పెట్టేశాడు. ఆమె కొట్టింది, పిలిచింది, గల్లీ అంతా గుమ్మాల్లోకి వచ్చి చూసింది. చాలాసేపటికి తీశాడు, ఏమీ జరగనట్టు. తెల్లారి ఆమె మా ఇంటికి వచ్చేసింది. "కొడితె గుడ ఓర్చుకుందు అక్కా. గల్లీల నిలవెట్టిండు" అని అమ్మతో అనడం నేను విన్నాను. అమ్మ పొమ్మనలేదు, ఉండమనలేదు. ఒక పీట తెచ్చి ముందర పెట్టింది. చిన్నమ్మ మూడు రోజుల్లో అందరికన్నా వేగంగా బత్తీలు చుట్టడం మొదలుపెట్టింది.

ఇందులో నా కష్టం ఒకటుంది, అది రాయకపోతే నా గొప్పతనం మీకు తెలియదు. చలికాలం. నాకు అమ్మ పాత చీరలతో కుట్టిన బొంత ఒకటి ఉండేది. ఆ బొంతలోకే చిన్నమ్మను పడుకోబెట్టారు. పొడుగు మనిషి. అటు తిరిగితే బొంత అటే పోయేది. నెల రోజులు నేను మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని పడుకున్నాను. ఆమె దుఃఖం నాకేమీ పట్టలేదు. నాకు పట్టింది బొంత ఒక్కటే.

అందుకని మూడో రోజు కథలో తాటాకు దగ్గరికి వచ్చేసరికి, మల్లమ్మ "జాబుల ఏమున్నదే?" అని అడగ్గానే, నా నోటికి తడుముకోవలసిన పని లేకపోయింది.

"రాకుమారుడు రాసిండు. నేను తప్పు జేసిన, నువ్వు రా అని. నువ్వొచ్చేదాంక తలుపుకు గొళ్లెం పెట్టను అని."

"రాజుల కోటకు గొళ్లెం ఉంటదానే?" అంది మల్లమ్మ.

"ఉంటది. బంగారుది."

అందరూ నవ్వారు. చిన్నమ్మ నవ్వలేదు. ఆమె చెయ్యి పీట మీద ఆగిపోయింది, పుల్లకు అంటిన ముద్ద అట్లాగే ఆరిపోయింది. అది చూసి నాకు ఇంకా ఊపు వచ్చింది. మీదికెళ్లి ఇంకేమేమో కలిపాను. అవేమిటో ఇప్పుడు గుర్తులేదు. మర్నాడు లేచేసరికి బొంత చక్కగా నాలుగు మడతలు పెట్టి నా తలాపున ఉంది. చిన్నమ్మ లేదు. "పోయింది. ఎవరి మాట ఇన్నదో ఏమో" అంది అమ్మ, పొయ్యి ఊదుతూ. ఆ రాత్రి బొంత మొత్తం కప్పుకుని పడుకున్నాను. ఎంత హాయిగా నిద్రపోయానో చెప్పడానికి ఈ వయసులో కూడా సిగ్గుగానే ఉంది.

సిగ్గు తర్వాత వచ్చింది. నాకు పెళ్లయి, మొగుడంటే ఏమిటో, గుమ్మం అంటే ఏమిటో తెలిశాక వచ్చింది. సైదాబాద్ వెళ్లినప్పుడల్లా చిన్నమ్మ మొహం వెతికేదాన్ని. సుఖంగా ఉన్నావా అని అడిగే ధైర్యం లేదు. అడిగితే, లేనని చెబితే, ఆ పాపం పెట్టుకోవడానికి నా దగ్గర చోటు లేదు. చిన్నాయన ఎప్పుడూ పొయ్యి దగ్గర ఏదో ఒకటి కలుపుతూ, తిప్పుతూ కనిపించేవాడు. వాళ్ల తలుపు దగ్గరగా వేసి ఉండేది, గల్లీ కుక్కలు తోసుకుని వచ్చేవి. ఒకసారి చిన్నమ్మ రెండు రోజులు పెళ్లికి పోతే ఎవరో వచ్చి ఇత్తడి బిందె ఎత్తుకుపోయారు. ఆ బిందె సంగతి ఆమె ప్రతి పేరంటంలో చెప్పేది. నేనూ అందరితోపాటు అయ్యో అనేదాన్ని. చిన్నాయన పోయి కొన్నేళ్లయింది. ఇంక అడగడానికి మిగిలిందేమీ లేదనుకున్నాను.

నేను వెళ్లేసరికి స్వప్న టీవీలో సినిమా సిద్ధంగా పెట్టి, ఆపడం, నడపడం నాకు రెండుసార్లు చూపించి, డ్యూటీకి వెళ్లిపోయింది. చిన్నమ్మ కొత్త చీర కట్టుకుంది. ఒక పళ్లెంలో మురుకులు, ఒక గిన్నెలో నీళ్లు పెట్టుకుంది, పళ్లు లేవు కాబట్టి నానబెట్టుకుని తింటుంది.

పొడుగు బొమ్మ గురించి నా అభిప్రాయం అడిగితే, కోసినవాళ్లు ఊరికే కోయలేదు. రాక్షసుడి రెండు తలలు ఒకదానితో ఒకటి తగాదా పడే ముక్క మాత్రం బంగారం. దాన్ని ఎందుకు తీసేశారో తెలియదు. కానీ ఎగిరే పడవను ఎట్లా చేశారో వడ్రంగులతో పావుగంట చూపించారు. అప్పట్లో ఆ పడవ మబ్బులోంచి ఊడిపడితే హాలు హాలంతా ఈలలు. ఇప్పుడు దానికి మేకులు కొట్టడం చూశాక, అది ఎగిరితే నాకు పడిపోతుందేమోనని భయం వేసింది తప్ప ఆశ్చర్యం వేయలేదు. "గీ చెక్కల పని అయ్యేదాంక నేను కన్ను మూస్త, రాకుమారి వస్తె లేపు" అంది చిన్నమ్మ. మూయలేదు. ఆమె చూపంతా తాటాకు కోసమే.

వచ్చింది. తెర నిండా ఆకు. ఈసారి కన్ను మూసి తెరిచినా పోలేదు. నాలాంటి నత్తనడక చదువరి కోసమే అన్నట్టు అట్లాగే నిలబడింది.

"ఆపు, ఆపు!" అంది చిన్నమ్మ. ఆపాను. "సదువు."

చదివాను. మొదట మనసులో. ఒత్తుల దగ్గర ఆగి, మళ్లీ వెనక్కి వెళ్లి, రెండుసార్లు. నా జీవితంలో ఏ అక్షరాలూ అంత స్పష్టంగా కనబడలేదు. అది రాకుమారుడి జాబు కానే కాదు.

గదిలో ఇద్దరమే ఉన్నాం. ఆమెకు చదువు రాదు. నా పాత జాబు నాకు నోటికి వచ్చు. గొళ్లెం పెట్టను అని ఒక్క మాట అంటే చాలు, ఆమె సంతోషంగా మురుకు నానబెట్టుకుంటుంది, నేను సంతోషంగా ఇంటికి వెళ్తాను. అక్షరాలు నేర్చుకునేటప్పుడు మా టీచరమ్మ, ఇంక మిమ్మల్ని ఎవరూ మోసం చేయలేరమ్మా అనేది. మీరు ఎవరినైనా చేయగలరు అని మాత్రం చెప్పలేదు.

"ఏందే, సదువు మర్చిపోయినవా?"

"ఇది రాక్షసుడు రాసిన జాబు చిన్నమ్మా" అన్నాను. నా గొంతు నాకే చిన్నపిల్ల గొంతులా వినబడింది. "రాకుమారి తండ్రికి రాసిండు. ఏడు ఏనుగులు, నలభై బండ్ల బియ్యం, ఒక వంటవాడు, ఎనిమిది దినములలో పంపవలెను, లేనియెడల నీ బిడ్డ దక్కదు. గంతే ఉన్నది. గొళ్లెం లేదు. తప్పు జేసిన అని లేదు. అప్పుడు నాకు సదువొస్తదా ఏమన్ననా? అంత నేనే కల్పిచ్చి చెప్పిన."

చిన్నమ్మ తెర వంక చూసింది. నా వంక చూసింది.

"వంటాయన గుడ కావాల్నంటనా?"

"అవును."

"రెండు తలలాయె మరి. ఇద్దరికి వండాలె. మీ చిన్నాయనను తోలిస్తె అయిపోవు" అని, మురుకు గిన్నెలో ముంచి, "అయితే నా ఇత్తడి బిందె నువ్వే తెచ్చియ్యాలె" అంది.

జాబుకూ బిందెకూ ఏమిటి సంబంధమని అడిగాను.

"నీ జాబు పట్టుకొని పోతినా? గుమ్మంల నిలవడి మీ చిన్నాయనతోని చెప్పిన. సినిమాల రాకుమారుడు గిట్ల రాసిండు, నువ్వు రాకుమారునివి కావు, నాకెరుకే, గని గొళ్లెం సంగతి ఒక్కటి ఒప్పుకో, నేను ఇంట్లకొచ్చేదాంక పెట్టనని చెప్పు, లోపలికి వస్త అన్న. సూసిండు సూసిండు, సరే అన్నడు. సచ్చేదాంక పెట్టలే. నేను పెండ్లికి పోతె రెండు దినాలు తలుపు తీసే పండుకున్నడు పిచ్చోడు. బిందె పాయె."

ఇన్నేళ్లు ప్రతి పేరంటంలో ఆ బిందె కథకు అయ్యో అన్నది నేనే. దాన్ని పోగొట్టిందీ నేనేనని తెలియక.

"తప్పైంది చిన్నమ్మా. నువ్వు నమ్మి పోతవని అనుకోలే. నమ్మి పోయినవని తెలిసినంక..."

"ఎవలు నమ్మిండ్రు?" అంది. "నువ్వు ఇప్పుడు నీ పాత జాబు మొత్తం చెప్పలే. ఆఖరుకు ఇంకో మాట ఉండె, మర్చిపోయినవా?"

"ఏం మాట?"

"వచ్చేటప్పుడు బొంత గాడనే ఇడిచిపెట్టి రా, ఆ ఇంట్ల చిన్నపిల్ల చలికి వణుకుతున్నది. గట్ల రాసిండు రాకుమారుడు."

ఎగిరే పడవ మీద, భుజాన కత్తితో, ఉప్పుగూడలో నా బొంత గురించి బెంగపడుతున్న రాకుమారుణ్ణి ఒక్కసారి ఊహించుకుని నేను చేతులతో మొహం కప్పుకున్నాను. చిన్నమ్మ నోట్లో మురుకుతో నవ్వీ నవ్వీ పొలమారి, నేను వీపు మీద కొట్టేదాకా తేరుకోలేదు. నేను గొప్పగా కల్పించానని ఇన్నేళ్లు పాపభీతితో దాచుకున్న కథ, చెప్పిన నిమిషంలోనే పట్టుబడిన కథ. దాని ఆఖరి ముక్కను నేను నాకు తెలియకుండానే కోసి పారేశాను. ఆమె దాన్ని పారేయకుండా ఇన్నాళ్లు దాచి పెట్టింది.

"తెలిసి ఎందుకు పోయినవ్ మరి?" అని అడిగాను. ఇన్నేళ్లలో ఆమెను నేను అడిగిన అసలు ప్రశ్న అదే.

ఆమె చీర కొంగుతో కళ్లు తుడుచుకుంది, నవ్వు నీళ్లే. "బొంత మాటకు బొంత మడిచి పెట్టిన. పసిపిల్లకు బరువైతినని గుడ జర బాధైంది, ఎందుకు కాదు. గొళ్లెం మాటకు పోయిన. అప్పటిదాంక ఆయనను ఏమని అడగాల్నో నాకు సమజ్ కాకుండె. తిట్టకు అనాల్నా, అలగకు అనాల్నా, మాట్లాడు అనాల్నా. నువ్వు చెప్పంగనే, ఓహో నాకు గంతే గావాలె గదా అనిపిచ్చింది. పోయి అడిగిన."

"ఒప్పుకోకుంటె?"

"ఒప్పుకోకుంటె మల్ల మీ ఇంటికే. నీ బొంతల్నే పండుదు."

నాకు ఇప్పుడు ఇంట్లో మూడు రగ్గులున్నాయి, ఒకటి పెట్టెలోంచి తీయనేలేదు. ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక సినిమా, ఒక ఫోను. ఎవరి సినిమా వాళ్లే చూసుకుంటారు, నన్ను చెప్పమనేవాళ్లు లేరు. అక్షరాలు వచ్చాక నేను ఏది చదివినా అందులో ఉన్నదే చదువుతాను. పదేళ్లప్పుడు లేనిదాన్ని అంత బాగా చదివిన మనిషి ఎక్కడికి పోయిందో అని, ఆ సోఫాలో కూర్చుని కాసేపు నా మీద నాకే జాలి వేసింది.

"ఇగ నడిపియ్యి. ఏడుస్తది గదా, అది చూద్దాం" అంది చిన్నమ్మ.

నడిపించాను. జాబు చూసిన రాకుమారి ఏడవలేదు. ఆకును విసిరికొట్టింది. తర్వాత పది నిమిషాలు ఆమె పెంచుకున్న జింకపిల్ల కథ నడిచింది, కొండలో పుట్టిన జింక, ఉప్పు నాకి నాకి జబ్బుపడిన జింక. అది చచ్చిపోయాక రాకుమారి గుండెల మీద చెయ్యి వేసుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. అదే ఏడుపు, ఒక్క కన్నీటి చుక్క తేడా లేదు. నడుమ పది నిమిషాలు తీసేసి, జాబును, ఏడుపును పక్కపక్కన అతికించిన మనిషి ఎవరో నాకంటే పెద్ద అబద్ధాలకోరు.

చిన్నమ్మ ఆఖరి దాకా కళ్లు ఆర్పకుండా చూసింది. తర్వాత ఖాళీ పళ్లెం నా చేతికిస్తూ అంది:

"కోసినోడే మంచిగ కోసిండే బాలీ. జింక కోసం ఏడిస్తె, నేను సైదాబాద్ దాంక వస్తుంటినా?"